ఇప్పకు చుట్టం, తంతికి తొడుగు: గట్టాపర్చా చెట్టు కథ

పోస్టు పొడుగ్గా ఉంది, టైమ్ చూసుకుని చదవండి. మన చరిత్ర అనగానే కొమురం భీం, రంప, ఇంద్రవెల్లి గుర్తొస్తాయి. ఈసారి ఒక చెట్టు చరిత్ర రాస్తున్నా. చెట్టు మన దేశంది కాదు. కానీ చదివాక ఇది మన కథే కదా అనిపిస్తుంది.

అమీర్‌పేటలో ఉన్నవాళ్లకి మైత్రీవనం సందులు తెలుసు. తల ఎత్తితే ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువ: జావా, పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్. అక్కడి నుంచి మెట్రో పిల్లర్ల పక్కనే పంజాగుట్ట వైపు నడిస్తే పళ్ల డాక్టర్ల బోర్డులు కనబడతాయి. వాటి మీద పెద్దక్షరాల్లో ఉండే మాట రూట్ కెనాల్. కంప్యూటర్ కోర్సుకీ పంటి వైద్యానికీ ఏం సంబంధం అంటారా? రెండింటి వెనకా ఒకే అడవి చెట్టు బంక ఉంది. దాని పేరు గట్టాపర్చా. పంటిలో అది ఇప్పటికీ ఉంది. సముద్రం కింద వైరు వేయడం మనిషికి చేతనైంది కూడా దాని వల్లే.

చెట్టు ఎక్కడిది, ఎలాంటిది

మలేషియా, సింగపూర్, సుమత్రా, బోర్నియో వైపు ఏడాది పొడుగునా వానలు పడే అడవుల్లో పెరిగే పెద్ద మాను ఇది. కర్ర గట్టిది. ఆకు పైన ముదురు పచ్చ, కింద రాగి రంగు. శాస్త్రం పుస్తకాల్లో పేరు పలాక్వియం గట్టా. సపోటేసీ కుటుంబం. సపోటా చెట్టు ఆ కుటుంబమే, మన ఇప్ప చెట్టు కూడా ఆ కుటుంబమే. అంటే మన ఇప్పకి ఇది దూరపు చుట్టం. సపోటా పచ్చికాయ గిల్లితే తెల్లగా జిగురు పాలు వస్తాయి కదా, అలాంటి పాలే దీని బెరడులో ఉంటాయి.

మలయ్ భాషలో గెటా అంటే బంక. ఇంగ్లీషోళ్ల నోట్లో పడి అది గట్టా అయింది. పంజాగుట్టలో ఉన్న గుట్టకీ దీనికీ సంబంధం లేదు, మన గుట్ట అంటే కొండ.

ఈ బంక గుణం వింతగా ఉంటుంది. వేడి నీళ్లలో వేస్తే పిండిముద్దలా మెత్తబడుతుంది, చేత్తో ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం చేయొచ్చు. చల్లారాక గట్టిగా అయిపోతుంది. మళ్లీ వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. రబ్బరు, గట్టాపర్చా రెండూ కెమిస్ట్రీలో ఒకటే పదార్థం, పాలీఐసోప్రీన్. అణువుల గొలుసు అమరిక మాత్రం వేరు. రబ్బరులో గొలుసు వంకర తిరిగి ఉంటుంది కాబట్టి సాగుతుంది. దీంట్లో తిన్నగా సర్దుకుంటుంది కాబట్టి గట్టిపడుతుంది. ఇంటర్‌లో సిస్, ట్రాన్స్ అని బట్టీ పట్టాం కదా, అదే ఇది. రబ్బరు సిస్, గట్టాపర్చా ట్రాన్స్.

పతకం ఎవరికి వచ్చింది

ఆ అడవుల్లో ఉండేవాళ్లు ఈ బంకని ఎప్పటి నుంచో వాడుకుంటున్నారు. ముఖ్యంగా పరాంగ్ అనే పెద్ద కత్తికి పిడి చేసేవాళ్లు. చెమట పట్టినా జారదు, చేతికి సరిపోయేలా ఒత్తుకోవచ్చు. మన ఊళ్లో గొడ్డలికి కామ ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు చెక్కుకున్నట్టే.

ఈస్టిండియా కంపెనీలో విలియం మాంట్‌గోమరీ అని ఒక డాక్టరు ఉండేవాడు. సింగపూర్‌లో పనిచేస్తూ ఈ పిడులు చూశాడు. 1843లో ఆ బంక ముక్కలు లండన్‌కి పంపాడు. అక్కడ అందరూ ఆశ్చర్యపోయారు, ఆయనకి బంగారు పతకం ఇచ్చారు. 1845కల్లా లండన్‌లో గట్టాపర్చా కంపెనీ అని ఒకటి పెట్టేశారు. పైపులు, బూటు అడుగులు, బొమ్మలు, గోల్ఫ్ బంతులు, అన్నీ దీంతోనే.

చాలాచోట్ల మాంట్‌గోమరీ దీన్ని 'కనుగొన్నాడు' అని రాస్తారు. ఆయన కనుగొన్నది చెట్టుని కాదు, చెట్టు తెలిసిన మనుషుల్ని. వేడి నీళ్లలో ముంచి పిడి చేయొచ్చని మొదట తెలుసుకున్న మనిషి పేరు మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.

మలేషియాలో ఆ అడవి మనుషుల్ని ఈరోజు ఒరాంగ్ అస్లీ అంటారు. ఒరాంగ్ అంటే మనిషి. అస్లీ అనే మాట హైదరాబాద్‌లో మనం రోజూ వినేదే. మన తెలుగు 'అసలు' కూడా ఆ అరబ్బీ మాట నుంచి వచ్చిందే. ఒరాంగ్ అస్లీ అంటే అసలు మనుషులు, అంటే ఆదివాసీలు. బోర్నియో వైపు దయాక్ తెగలు కూడా ఈ బంక కోసం అడవుల్లో తిరిగినవాళ్లే.

సముద్రం కింద తంతి

అప్పట్లో తంతి వచ్చింది, అంటే టెలిగ్రాఫ్. నేల మీద స్తంభాలు పాతి తీగ లాగితే వార్త పోతుంది. సముద్రం అడ్డం వస్తే? ఉప్పు నీళ్లలో ఉత్త రాగి తీగ వేస్తే కరెంటు నీళ్లలోకి పోతుంది. దానికి తొడుగు కావాలి. కలకత్తాలో ఓషాన్నెసీ అనే డాక్టరు 1839లోనే హుగ్లీ నది అడుగున తీగ వేసి ప్రయత్నం చేశాడు. తారు పూసి, నార చుట్టి కాపాడుకోవాల్సి వచ్చింది. అది నదికి సరిపోతుందేమో గానీ సముద్రానికి చాలదు.

1840ల చివర్లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్, ఇంగ్లండులో ఫారడే ఒక సంగతి గుర్తించారు. గట్టాపర్చా కరెంటుని బయటికి పోనివ్వదు. నీళ్లలో కుళ్లదు. సముద్రం అడుగున చల్లదనానికీ ఒత్తిడికీ ఇంకా గట్టిగా ఉంటుంది. ఎండలో, గాలిలో అయితే పెళుసుబారి పాడైపోయే పదార్థం, నీళ్లలో ఏళ్ల తరబడి ఉంటుంది. దాన్ని సముద్రం కోసమే చేశారా అన్నట్టు.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. 1851లో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రపు తంతి. 1858లో అట్లాంటిక్ దాటి అమెరికాకి, అది కొన్ని వారాల్లోనే చెడిపోయింది. 1866లో వేసింది నిలబడింది. 1870లో బొంబాయి నుంచి ఏడెన్, సూయజ్ మీదుగా లండన్‌కి. 1871 నాటికి మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కి. ఏ అడవి నుంచి బంక పోయిందో ఆ రేవుకే, ఆ బంక చుట్టుకున్న తీగ తిరిగొచ్చింది.

అప్పటి సర్కారుకి ఈ తీగ ఎంత ముఖ్యమో ఆలోచించండి. ఓడలో వారాలు పట్టే వార్త గంటల్లో పోతుంది. 1879లో చిగురుపన్ను మీద, మన్సబ్‌దారు దోపిడీ మీద రంప కొండల్లో మనవాళ్లు తిరగబడ్డారు. అప్పటికి మద్రాసు సర్కారుకి లండన్‌తో తంతి కలిసి దాదాపు పదేళ్లు. అంటే ఒక అడవి జనం తీసిన బంక, ఇంకో అడవి జనాన్ని ఏలే రాజ్యానికి నరంలా పనిచేసింది. ఈ రెండు జనాలకీ ఒకరి గురించి ఒకరికి తెలియదు.

ఒక పిడికి చాలేది, ఒక సముద్రానికి చాలలేదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. రబ్బరు చెట్టుకి గాటు పెడితే పాలు ధారగా గిన్నెలోకి కారతాయి, చెట్టు బతికే ఉంటుంది. గట్టాపర్చా చెట్టు అలా కాదు. పాలు బెరడులో చిన్న చిన్న సంచుల్లో విడివిడిగా ఉంటాయి. గాటు పెడితే కాస్త వచ్చి అక్కడే గడ్డకట్టి ఆగిపోతుంది. కత్తి పిడికి ఆ కాస్త చాలు. కానీ అట్లాంటిక్ తంతికి వందల టన్నులు కావాలి. అందుకే చెట్టుని నరికి పడేసి, మాను పొడుగునా బెరడుకి చుట్టూ గాట్లు పెట్టి, వచ్చినంత పట్టుకునేవాళ్లు. అప్పుడు కూడా చాలా పాలు బెరడులోనే ఉండిపోయేవి. పాతికేళ్లు పెరిగిన చెట్టుకి దక్కేది కొన్ని కిలోలు, ఒక్కోసారి కిలో కూడా కాదు.

సింగపూర్‌లో సర్జన్‌గా ఉన్న థామస్ ఆక్స్‌లీ 1847లోనే ఒక లెక్క రాశాడు. రెండున్నరేళ్లలో ఎగుమతైన బంక కోసం దాదాపు 69 వేల చెట్లు పోయాయని. అదీ ఇంకా సముద్రపు తంతులు మొదలు కాకముందు సంగతి. 1850లు అయిపోయేసరికి సింగపూర్ దీవిలో ఆ చెట్టు దాదాపు కనుమరుగైంది. కోత మలయా లోపలికి, సుమత్రాకి, బోర్నియోకి పాకింది.

తప్పు ఎవరి మీద వేశారు? గొడ్డలి పట్టినవాళ్ల మీద. అప్పటి ఇంగ్లీషు రాతల్లో స్థానికులకి ముందుచూపు లేదని, వాళ్ల పద్ధతి దుబారా అని నింద కనిపిస్తుంది. కొనేది లండన్. ధర లండన్‌లో. మధ్యలో రేవు వర్తకులు, ఊరి దళారులు, అప్పు కింద ఇచ్చే ఉప్పు, బట్ట, ఇనుము. చివర్లో ఉన్న మనిషికి మిగిలింది గొడ్డలి ఒక్కటే. వందల ఏళ్లు ఆ చెట్టుతోనే బతికి, పిడి చేసుకుని, చెట్టుని మిగిల్చిన జనం వాళ్లు. గిరాకీ మొదలైన పదిహేనేళ్లలోనే ఒక దీవి ఖాళీ అయింది. ముందుచూపు లేనిది ఎవరికో ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే చిన్న పిల్లాడికైనా తెలుస్తుంది.

'ట్రైబల్స్ పోడు కొట్టడం వల్లే అడవి పోయింది' అనే మాట మనలో చాలామంది క్లాసులోనో, హాస్టల్లోనో విన్నదే. నేనూ విన్నా. అప్పుడు కోపం వస్తుంది, కానీ జవాబు రాదు. జవాబు కావాలంటే ఈ చెట్టు చరిత్ర చెప్పొచ్చు. ఎవరు నరికారు అని మాత్రమే అడిగితే సగం ప్రశ్నే. ఎవరి కోసం, ఎవరి ధరకి, ఎవరి అప్పు కింద అని కూడా అడగాలి.

ఆకు నుంచి కూడా వస్తుంది

చెట్టు చచ్చాక కళ్లు తెరిచారు. డచ్చివాళ్లు 1885లో జావా దీవిలో త్జిపెటిర్ అనే చోట తోట పెట్టారు. అక్కడ చెట్టు నరకలేదు. ఆకులు కోసి, మిల్లులో నలిపి, వేడి నీళ్లతో బంక తీశారు. చెట్టు బతికుండగానే బంక తీయొచ్చని తేలింది. అంటే నరకడం తప్ప దారి లేదన్న మాట అబద్ధం. దారి వెతకడానికి డబ్బు పెట్టాల్సినవాళ్లు ముందే పెట్టలేదు, అంతే.

ఇంకో సంగతి. గత పదీపన్నెండేళ్లలో ఇంగ్లండు, ఫ్రాన్సు వైపు సముద్రపు ఒడ్లకి పలకల్లాంటి దిమ్మలు కొట్టుకొచ్చాయి. వాటి మీద త్జిపెటిర్ అనే అచ్చు స్పష్టంగా ఉంది. పాత కాలంలో మునిగిన ఓడల్లోని సరుకు అది. తోట పేరు అన్నేళ్లు సముద్రంలో నానినా చెరగలేదు. అడవిలో బంక తీసినవాళ్ల పేర్లు అసలు ఎక్కడా ఎక్కలేదు.

1933లో ఇంగ్లండులో పాలిథీన్ కనిపెట్టారు. తర్వాత కొన్నేళ్లకే కేబుళ్లలో గట్టాపర్చా బదులు అది వచ్చేసింది. గిరాకీ పడిపోయింది. అడవి జనానికి అటు చెట్టూ లేదు, ఇటు బేరమూ లేదు. ఆలోగా మలయాలో రబ్బరు తోటలు లేచాయి. ఆ తోటల్లో కూలికి పోయినవాళ్లలో విశాఖ, శ్రీకాకుళం, గోదావరి వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మనవలు ఇప్పటికీ మలేషియాలో తెలుగు మాట్లాడుతున్నారు.

ఇప్పుడు సముద్రం కింద ఉన్నది గాజు పోగుల కేబుల్. 2002లో చెన్నైకీ సింగపూర్‌కీ మధ్య ఐ2ఐ అనే కేబుల్ వేశారు. 1871 నాటి తంతి కలిపింది కూడా ఈ రెండు రేవులనే. అమీర్‌పేటలో నేర్చుకునే క్లౌడ్ ఆకాశంలో ఏమీ లేదు, ఇలాంటి కేబుళ్ల మీదే నడుస్తుంది. పంజాగుట్ట డెంటల్ క్లినిక్కులో మాత్రం పాత బంక ఇంకా బతికే ఉంది. పన్ను లోపల నరం తీసేశాక ఆ ఖాళీలో పెట్టే సన్నటి పుల్లల్ని డాక్టర్లు జీపీ పాయింట్లు అంటారు. జీపీ అంటే గట్టాపర్చా. అందులో ఐదో వంతు దాకా ఈ బంక, మిగతాది ఎక్కువగా జింక్ ఆక్సైడ్. 1867 నుంచి ఇదే పద్ధతి. వేడికి మెత్తబడి సందు నింపుతుంది, చల్లారి గట్టిపడుతుంది. కత్తి పిడికి వాడిన గుణమే.

మన కొండ మీద తపసి

ఇదంతా ఎక్కడో జరిగింది, మనకెందుకు అనుకోకండి. మన దగ్గర తపసి చెట్టు ఉంది. కొన్నిచోట్ల తబసి అంటారు, కొన్నిచోట్ల కోవెల అంటారు. రాళ్ల గుట్టల మీద తెల్లటి బెరడుతో రాత్రి పూట కూడా మెరుస్తూ కనబడుతుంది. ఇది గట్టాపర్చాకి చుట్టం కాదు. దీని బంక గుణం కూడా వేరు, నీళ్లలో వేస్తే ఉబ్బి జావలా అవుతుంది. బయటి మార్కెట్లో దీన్ని గమ్ కరాయా అంటారు. నల్లమల చెంచులు, గోదావరి కొండల్లో కొండరెడ్లు, కోయలు, ఆదిలాబాద్ వైపు గోండులు తీసే బంక ఇది. విరేచనాల మందుల్లో, తిండి పదార్థాల్లో వాడతారు. కట్టుడు పళ్లు చిగుళ్లకి అంటుకోవడానికి వాడే పొడిలో కూడా వాడతారు. చూశారా, వాళ్ల బంక పన్ను లోపలికి పోయింది, మన బంక పన్ను కిందికి పోయింది.

ప్రపంచంలో ఈ బంక ఎక్కువగా మన దేశం నుంచే పోతుంది. అందుకే తపసికి కూడా అదే గండం వచ్చింది. కిలోల లెక్కన కొంటుంటే గాటు పెద్దదవుతుంది. గొడ్డలితో లోతుగా కొడితే ఆ ఏడాది బంక ఎక్కువ వస్తుంది, తర్వాత మాను కుళ్లి చెట్టు చస్తుంది. దీనికి విరుగుడు కూడా దొరికింది. చిన్న వంపు కత్తితో బెరడు వరకే పలచగా చెక్కాలి, ప్రతిసారీ కొంచెం పైకి జరగాలి, చెట్టుకి విశ్రాంతి ఇవ్వాలి. బంక శుభ్రంగా వస్తుంది, బెరడు ముక్కలు కలవవు కాబట్టి గ్రేడు పెరిగి ధర కూడా పెరుగుతుంది. విశాఖలో కోవెల్ ఫౌండేషన్ అనే సంస్థ ఈ పద్ధతిని గిరిజనులకి నేర్పింది. ఆ సంస్థ పేరు కూడా చెట్టు పేరే.

దళారుల పీడ తగ్గించడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు, మనం జీసీసీ అంటాం. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే హక్కు దానికే ఇచ్చారు. దళారీ దోపిడీకి అది అడ్డుకట్టే. కానీ కొనేవాడు ఒక్కడే అయితే ధర చెప్పేదీ ఆ ఒక్కడే. తీసేవాళ్లకి మాట ఉండాలి. ఆ మాట చట్టంలో తర్వాత వచ్చింది. 1996 పీసా చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గ్రామసభకి ఉందని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనదని రాసింది. 2013లో కేంద్రం కనీస మద్దతు ధర పథకం తెచ్చినప్పుడు మొదటి జాబితాలోనే తపసి బంక ఉంది.

మలయా అడవి జనానికి అప్పుడు లేనిది ఇదే. వాళ్లకి తెలివి ఉంది, చెట్టు ఉంది, పని ఉంది. చెట్టు మీద హక్కు కాగితం లేదు, ధర మీద మాట లేదు. మనకి కాగితం ఉంది. కానీ కాగితం గ్రామసభ మినిట్స్ పుస్తకంలోకి దిగకపోతే అది కూడా ఉత్త కాగితమే. మన ఊళ్లలో అటవీ హక్కు అంటే పోడు పట్టా ఒక్కటే అనుకుంటారు. ఫలసాయం మీద సామూహిక హక్కుకి ఫారం పెట్టిన ఊళ్లు ఎన్ని? మీ ఊరు పెట్టిందా?

అందుకే చివరిగా ఒక పని. పండక్కి ఇంటికి పోయినప్పుడు తాతనో, అవ్వనో, మేనమామనో కూర్చోబెట్టి మూడు సంగతులు అడగండి. బంక చెట్టుకి మన భాషలో పేరేంటి. వాళ్ల చిన్నప్పుడు బంక ఎవరు కొనేవాళ్లు, బదులుగా ఏమిచ్చేవాళ్లు. గుట్ట మీద అప్పుడు ఎన్ని చెట్లు ఉండేవి, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి. జవాబులు ఫోన్లో రికార్డు చేసి, చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరుతో సహా రాసి ఇక్కడ పెట్టండి. గోండీ, కోయ, కొలామీ, లంబాడీ, చెంచువాళ్ల యాస, ఏ భాషలో అయినా సరే, తెలుగు అక్షరాల్లో రాస్తే చాలు. మాంట్‌గోమరీకి కత్తి పిడి చూపించిన మనిషి పేరు పోయినట్టు మన తాతల పేర్లు పోకూడదు.

జై సేవా. జై ఆదివాసీ.